ఇంటి బండితో డ్రాగ్ రేస్: బరువైన కారు, తక్కువ బడ్జెట్, వైజాగ్ నుంచి మొదలు

రెండు టన్నులకు కాస్త తక్కువ బరువు, ఏడు సీట్లు, వెనక అద్దం మీద పిల్లల స్కూల్ స్టిక్కర్. డిక్కీ తెరిస్తే అన్నవరం ప్రసాదం వాసన ఇంకా పోలేదు. ఇలాంటి బండితో డ్రాగ్ రేస్‌కు వెళ్తానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనివ్వండి. డ్రాగ్ రేస్‌లో మలుపులుండవు. ఆగి ఉన్న కారు తిన్నగా 402 మీటర్లు, అంటే పావు మైలు, ఎంత సేపట్లో దాటిందన్నదే లెక్క. మలుపుల్లో ఒరిగిపోయే బరువైన కారుకు మోటార్ స్పోర్ట్‌లో ఇంతకంటే అనుకూలమైన చోటు లేదు.

చాలామంది మొదట చేసే పని ఇంజిన్ మీద డబ్బు పోయడం. నా అభిప్రాయం వేరు. బరువైన కారులో మొదటి 18 మీటర్లు బాగుపడితే వచ్చే లాభం, అదే డబ్బుతో కొన్న హార్స్‌పవర్‌తో రాదు. ఈ వ్యాసమంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. ఉదాహరణకు 2011లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 500 పాత మోడల్‌ను తీసుకుంటున్నాను. 2.2 లీటర్ల ఎమ్‌హాక్ డీజిల్, 140 బీహెచ్‌పీ, 330 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), ఆరు గేర్లు, చాలావరకు ఫ్రంట్ వీల్ డ్రైవ్. మన ఊళ్లో ఎక్కడ చూసినా కనిపించే బండి, సెకండ్ హ్యాండ్‌లో అందుబాటు ధరకే దొరికే బండి. మీది పాత ఇన్నోవా అయినా స్కార్పియో అయినా పద్ధతి ఇదే. అవి వెనక చక్రాలతో నడిచే బండ్లు కాబట్టి తేడా వచ్చే చోట చెబుతాను.

ముందు ఎక్కడ కాదో చెప్పుకుందాం

బీచ్ రోడ్డు కాదు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా రాత్రి ఒంటిగంటకు రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది, కానీ ఖాళీగా ఉండదు. జోడుగుళ్లపాలెం దగ్గర వేటకు బయల్దేరే జాలరులు అడ్డంగా దాటుతారు. డివైడర్ పక్కన కుక్కలు పడుకుని ఉంటాయి. మీ కారు 120లో ఉంటే సెకనుకు 33 మీటర్లు పోతుంది. మనిషి కనిపించి, మీ కాలు బ్రేక్ మీద పడేలోపే సగం దూరం అయిపోతుంది. ఆనందపురం వైపు హైవే కూడా అంతే.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద రేసు పెట్టినా, పాల్గొన్నా నేరమే. 2019 సవరణ తర్వాత మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారికి ఏడాది, 10,000. అంతకంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్స్ నుంచి వస్తుంది. మీ పాలసీ కాగితం తీసి "వినియోగ పరిమితులు" అన్న చోట చదవండి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కవర్ కావని రాసి ఉంటుంది. అది ట్రాక్‌కు కూడా వర్తిస్తుంది. అంటే స్ట్రిప్ (డ్రాగ్ రేస్ జరిగే తిన్నటి ట్రాక్) మీద ఏమైనా అయితే బాగు చేయించుకునే ఖర్చు మీదే. ఇది తెలిసే దిగాలి.

వైజాగ్‌లో డ్రాగ్ స్ట్రిప్ లేదు. మనకు అందుబాటులో ఉన్నది చెన్నై శివార్లలో శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లది. ఆ ట్రాక్ స్ట్రెయిట్ మీద డ్రాగ్ పోటీలు జరుగుతుంటాయి. ఎన్‌హెచ్ 16 పట్టుకుంటే దాదాపు 800 కిలోమీటర్లు. రెండోది లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే వ్యాలీ రన్. అది పేరున్న పోటీ, కానీ మనకు మరీ దూరం. మొదటిసారికి చెన్నై చాలు.

పోటీకి ఎఫ్‌ఎంఎస్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. మన దేశంలో మోటార్ స్పోర్ట్‌ను నడిపే జాతీయ సంస్థ అదే. గుర్తింపు ఉన్న పోటీకి కాంపిటిషన్ లైసెన్స్ కావాలి, దానికి మెడికల్ సర్టిఫికెట్ కావాలి. తేదీ దగ్గర పడ్డాక పరుగులు పెట్టకుండా ముందే అప్లై చేసుకోండి. పోటీ నియమావళిని రెండుసార్లు చదవండి. మీ కారు ఏ క్లాసులో పడుతుంది, హెల్మెట్ ఏ ప్రమాణానిది ఉండాలి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తప్పనిసరా అన్నవన్నీ అందులోనే ఉంటాయి. డబ్బు ఖర్చు పెట్టే ముందు చదవాల్సిన కాగితం అదే.

కాగితం మీద మీ కారు టైమెంత?

డ్రాగ్ రేసర్లు చాలాకాలంగా వాడుతున్న ఒక మోటు సూత్రం ఉంది. డ్రైవర్‌తో కలిపి కారు బరువును కిలోల్లో తీసుకుని హార్స్‌పవర్‌తో భాగించండి. వచ్చిన దానికి ఘనమూలం కట్టి 7.58తో గుణించండి. పావు మైలుకు పట్టే సెకన్లు దాదాపుగా వస్తాయి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

మన ఉదాహరణ కారు సుమారు 1,800 కిలోలు, డ్రైవర్ 75 అనుకుందాం. 1,875ను 140తో భాగిస్తే 13.4. ఘనమూలం 2.37. టైమ్ 18 సెకన్లు. ఇప్పుడు 100 కిలోలు తగ్గించి చూడండి: 17.7 సెకన్లు. బరువు ముట్టుకోకుండా 30 హార్స్‌పవర్ పెంచితే 16.9. రెండూ చేస్తే 16.6.

పవర్ పెంచితేనే ఎక్కువ లాభం కదా అనిపిస్తుంది. కాగితం మీద అంతే. కానీ ఈ సూత్రం కారు శుభ్రంగా లాంచ్ అయిందని, అంటే లైను నుంచి జారకుండా బయల్దేరిందని, ముందే అనుకుంటుంది. కొత్త డ్రైవర్ లాంచ్‌లోనే అర సెకను పోగొట్టుకుంటాడు. పవర్ పెంచితే ఆ పోగొట్టుకునేది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే టైరు ఇంకా తేలిగ్గా జారుతుంది. 100 కిలోలు తీయడానికి మాత్రం స్పానర్ సెట్టు తప్ప ఖర్చు లేదు.

బండి ఆరోగ్యం

గాజువాక ఆటోనగర్‌లోనో, కంచరపాలెంలోనో మీకు నమ్మకమైన మెకానిక్ ఉంటాడు. "ఏటండి, ఫ్యామిలీ బండితో రేసేటండి?" అంటాడు. అన్నాక బండి లిఫ్ట్ మీదకు ఎక్కించమనండి.

మన ఊరి బండ్లకు ప్రత్యేకంగా చూడాల్సినవి మూడు. మొదటిది తుప్పు. ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు కొసలు పచ్చగా పూత పట్టి ఉంటాయి. విప్పి, రుద్ది, గ్రీజు రాసి బిగించాలి. బాడీ కింద టో హుక్ తగిలే చోటు, సబ్‌ఫ్రేమ్ బోల్టులు కూడా చూడాలి. రెండోది దుమ్ము. పోర్టు వైపు, పాత టౌన్ వైపు ఉండేవాళ్లకు చెప్పనక్కర్లేదు. బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన కిలోమీటర్ల కంటే ముందే మూసుకుపోతుంది. కొత్తది వేయండి, మామూలు కంపెనీ ఫిల్టరే చాలు. మూడోది ఇంటర్‌కూలర్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే వేడి గాలిని చల్లార్చే భాగం) పైపులు. పాత టర్బో డీజిల్‌లో రబ్బరు హోస్ దగ్గర సన్నని చీలిక వస్తే బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, అక్కడే పోతుంది. క్లిప్పు చుట్టూ నల్లటి నూనె మరక కనిపిస్తే అక్కడే లీకు. వెయ్యి రూపాయల హోస్ మార్చి, పోయిన పది హార్స్‌పవర్ వెనక్కి తెచ్చుకున్న బండ్లు చాలా ఉన్నాయి.

ఇంజిన్ ఆయిల్, డీజిల్ ఫిల్టర్, డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తవి వేయించండి. తేమ ఎక్కువ ఉండే ఊళ్లో బ్రేక్ ఫ్లూయిడ్ నీటిని త్వరగా పీల్చుకుంటుంది. ఇంత బరువును 130 నుంచి ఆపేది ఆ ద్రవమే. ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) తప్పకుండా చూడాలి. అరిగిన మౌంటింగ్ ఉంటే లాంచ్‌లో ఇంజిన్ ముందుకూ వెనక్కీ ఊగి, చక్రం దడదడలాడుతుంది. క్లచ్ పరీక్షకు ఒక సులువు ఉంది. ఖాళీ రోడ్డు మీద అయిదో గేర్‌లో 50 దగ్గర మెల్లగా వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం గబుక్కున లేచి స్పీడు పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే. అలాంటి క్లచ్‌తో చెన్నై బయల్దేరొద్దు.

బరువు: కాటా ఎక్కించండి

ఇంటర్నెట్‌లో దొరికే బరువు వద్దు, మీ బండి బరువు కావాలి. ఆటోనగర్ చుట్టుపక్కల, హైవే పొడవునా లారీల కాటాలున్నాయి. రద్దీ లేని వేళ వెళ్లి రెండు తూకాలు వేయించండి. మొదట బండి మొత్తం. తర్వాత ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫామ్ మీద ఉంచి. మొత్తంలోంచి అది తీసేస్తే వెనక ఎంతో తెలుస్తుంది. లారీల కాటా పది, ఇరవై కిలోల మెట్లలోనే చూపిస్తుంది, కాబట్టి చిన్న వస్తువులకు పనికిరాదు. వాటిని ఇంట్లో బాత్రూమ్ వేయింగ్ మెషీన్ మీద తూచి ఒక కాగితం మీద రాసుకోండి.

గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటే. ఈ బరువు బండికి 18 కిలోలు తీస్తే దాదాపు 0.06 సెకన్లు తగ్గుతుంది.

మొదట తేలికైనవి. ఎక్స్‌యూవీ ట్యాంకు 70 లీటర్లు. లీటరు డీజిల్ సుమారు 0.83 కిలోలు. నిండు ట్యాంకుతో కాకుండా 15 లీటర్లతో లైను దగ్గరకు వెళ్తే 45 కిలోలు పోయినట్టే. స్టెప్నీ, జాకీ, టూల్ కిట్ కలిపి పాతిక కిలోల చుట్టూ. మూడో వరస సీట్లు బోల్టులు విప్పితే వస్తాయి. మ్యాట్లు, డిక్కీ ట్రే, గ్లవ్ బాక్సులో ఏళ్లుగా పేరుకున్న సర్వీస్ బిల్లులు, వెనక సీటు కింద దొర్లే కొబ్బరికాయ. నవ్వకండి, ఉంటుంది.

స్టెప్నీ, సీట్లు వైజాగ్‌లో తీయొద్దు. 800 కిలోమీటర్లు స్టెప్నీ లేకుండా వెళ్లడం మూర్ఖత్వం. ఇక్కడ ఒకసారి విప్పి, ఏ బోల్టుకు ఏ సాకెట్టో చూసి, మళ్లీ బిగించండి. అసలు విప్పడం చెన్నైలో పిట్‌లోనే, అంటే ట్రాక్ పక్కన బండి సిద్ధం చేసుకునే చోటే. పసుపు కనెక్టర్ ఉన్న వైరు ఏదైనా కనిపిస్తే ముట్టుకోవద్దు, అది ఎయిర్‌బ్యాగ్‌ది. ముందు సీట్లు, బెల్టుల జోలికి అసలు పోవద్దు. శాశ్వతంగా సీట్లు పీకేసి రోడ్డు మీద తిరిగితే అది మార్పుచేర్పుల కింద వస్తుంది, ఆర్టీఓ దగ్గర చిక్కు.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండికి వెనక బరువు తీయడం రెండు విధాల లాభం. బండి తేలికవుతుంది, మిగిలిన బరువులో ముందు చక్రాల వాటా పెరుగుతుంది. ఇన్నోవా, స్కార్పియో వాళ్లు ఇక్కడ జాగ్రత్త. మీకు పట్టు వెనక చక్రాల నుంచి రావాలి కాబట్టి ముందు వైపువి, మధ్యవి మొదట తీయండి, వెనకది చివర్లో తీసి టైమ్ చూసుకోండి.

టైర్లు

ఎలాగూ టైర్లు మార్చే సమయం దగ్గరపడితే ముందు రెండూ ఇప్పుడే మార్చండి. మెత్తటి రబ్బరున్న మంచి రోడ్డు టైరు చాలు, రేసింగ్ టైర్లు ఈ బడ్జెట్‌లో వద్దు. ఇక్కడ ఒక చిన్న కిటుకు. కంపెనీ సైజు 235/65 ఆర్17 అయితే, 235/60 ఆర్17 వేస్తే టైరు వ్యాసం మూడు శాతం తగ్గుతుంది, ప్రతి గేర్‌లోనూ లాగుడు అంతే పెరుగుతుంది. కానీ అది నాలుగూ ఒకేసారి మార్చేవాళ్లకే. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) కంపెనీ చెప్పినదాని కంటే తగ్గకూడదు, స్పీడోమీటర్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది. పెద్ద అల్లాయ్‌లు మాత్రం వద్దు. తిరిగే బరువు డిక్కీలో బరువు కంటే చేటు.

గాలి విషయంలో బంకు మీటరును నమ్మొద్దు. మంచి గేజీ ఒకటి, 12 వోల్టుల పంపు ఒకటి కొనుక్కోండి. మామూలుగా 33 పీఎస్‌ఐ ఉంటే, స్ట్రిప్ మీద ముందు టైర్లకు 30తో మొదలుపెట్టి రన్ రన్‌కూ రెండేసి తగ్గించండి. 24 కంటే కిందకు వద్దు, టైరు రిమ్ము మీద కదిలిపోతుంది. వెనక టైర్లకు 38 దాకా పెంచండి, టైరు గోడ మీద రాసిన గరిష్ఠం దాటకుండా. దొర్లడానికి అడ్డం తగ్గుతుంది. తిరుగు ప్రయాణానికి ముందు అన్నీ మళ్లీ మామూలుకు తేవాలి. 26 పీఎస్‌ఐతో హైవే ఎక్కితే నెల్లూరు చేరేలోపు టైరు పేలినా ఆశ్చర్యం లేదు.

రీమ్యాప్ తర్వాత చూద్దాం

టర్బో డీజిల్‌కు స్టేజ్ వన్ రీమ్యాప్ వేస్తే, అంటే పార్టులు మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మాత్రమే మారిస్తే, 20 శాతం దాకా పవర్ పెరగడం మామూలే. కానీ మొదటి పోటీకి ముందు వద్దంటాను. పెరిగిన టార్క్ ముందుగా పరీక్షించేది మీ పాత క్లచ్‌ను. చాలా డీజిల్ కార్లలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్ కుదుపులను మింగే రెండు భాగాల చక్రం) ఉంటుంది, క్లచ్‌తో పాటు అదీ పోతే మీ బడ్జెట్ మొత్తం అక్కడే అయిపోతుంది. పైగా, ఏ మార్పూ చేయని కారు టైమ్ స్లిప్ (ప్రతి రన్ తర్వాత టైమ్‌లు రాసి ఇచ్చే చీటీ) మీ చేతిలో లేకపోతే రీమ్యాప్ ఏం చేసిందో ఎలా తెలుస్తుంది?

లాంచ్: అసలు పని ఇక్కడే

స్టార్ట్ లైను దగ్గర రెండు కాంతి కిరణాలుంటాయి. ముందు టైరు మొదటిదాన్ని అడ్డుకుంటే ప్రీ స్టేజ్ లైటు, ఇంకొంచెం ముందుకు జరిగి రెండోదాన్ని అడ్డుకుంటే స్టేజ్ లైటు వెలుగుతుంది. రెండో లైటు వెలిగిన మరుక్షణం ఆగిపోండి. ఎందుకంటే మీ టైమ్ గ్రీన్ లైటు పడ్డప్పుడు మొదలవ్వదు, టైరు ఆ కిరణాన్ని వదిలినప్పుడు మొదలవుతుంది. కిరణం అంచులో ఆగితే, గడియారం మొదలయ్యేలోపు కారు కొన్ని అంగుళాలు కదిలి ఊపందుకుంటుంది. ఆ అంగుళాలు ఉచితం.

అందుకే రియాక్షన్ టైమ్ (గ్రీన్ పడ్డాక మీరు కదలడానికి పట్టేది) వేరు, ఈటీ (లైను వదిలాక చివరి గీత దాటడానికి పట్టేది) వేరు. గ్రీన్ చూసి మీరు సెకను ఆలస్యంగా కదిలినా ఈటీ మారదు. పక్క లేన్ వాడి మీద మాత్రం ఓడిపోతారు. మొదటి రోజు పక్క లేన్‌ను మర్చిపోండి. ఈటీ కోసం నడపండి.

టైర్లు తడిపే నీళ్ల మడుగు ఉంటే దాన్ని తప్పించుకుని పక్క నుంచి వెళ్లండి. రోడ్డు టైరు గాడుల్లో నీళ్లు దూరి, సరిగ్గా లైను మీద కారతాయి. సినిమాల్లో లాగా పొగ వచ్చేలా బర్నౌట్ చేయొద్దు. మామూలు రేడియల్ టైరు వేడెక్కితే జిడ్డుగా మారి పట్టు తగ్గుతుంది. ఒకసారి చక్రం గిర్రున తిప్పి ఇసుక దులిపితే చాలు.

ఇప్పుడు క్లచ్. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు కదలగానే బరువు వెనక్కి వాలుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి, సరిగ్గా పట్టు కావాల్సిన సమయంలోనే పట్టు పోతుంది. ఇంకోవైపు ఈ ఇంజిన్ పూర్తి టార్క్ 1,600 ఆర్‌పీఎం నుంచి 2,800 దాకా. అంతకంటే కిందైతే టర్బో నిద్రలో ఉంటుంది. కాబట్టి 1,800 దగ్గర పట్టుకుని మొదలుపెట్టండి. క్లచ్‌ను పట్టు దొరికే చోటికి గబుక్కున వదలండి, అక్కడ అర సెకను ఆపండి, చక్రం ఒక చుట్టు తిరిగాక మిగతాది వదిలేయండి, అప్పుడు యాక్సిలరేటర్ నేలకు. ఊళ్లో బావిలోంచి నిండు బిందె తోడినవాళ్లకు ఈ లయ తెలుసు. తాడు బిగిసేదాకా మెత్తగా, బిగిశాక బలంగా.

తప్పు ఎటు జరిగిందో బండే చెబుతుంది. ఆర్‌పీఎం పడిపోయి మూలిగితే, తర్వాతిసారి 200 పెంచండి. కీచుమని చక్రం అక్కడే తిరిగితే 200 తగ్గించండి, లేదా ఆ అర సెకనును ఇంకాస్త సాగదీయండి. బోనెట్ దడదడలాడితే, అంటే వీల్ హాప్ వస్తే, వెంటనే కాలు తీసేయండి. అలాగే తొక్కి పట్టుకుంటే డ్రైవ్ షాఫ్ట్ విరుగుతుంది. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది, రెండు చేతులతో తిన్నగా పట్టుకోండి. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారకుండా అడ్డుకునే ఏర్పాటు) ఆపేసే బటన్ ఉంటే, ఆపి ఒకటి, ఆపకుండా ఒకటి రన్ వేసి చూడండి. కొత్తవాళ్లకు ఆపకుండానే మంచి టైమ్ రావడం నేను చూశాను.

ఆటోమేటిక్ కారైతే ఎడమ కాలితో బ్రేక్ గట్టిగా తొక్కి, 1,500 నుంచి 1,800 దాకా పెంచి, రెండు సెకన్లకు మించకుండా పట్టుకుని వదలండి. ఎక్కువసేపు పట్టుకుంటే గేర్‌బాక్స్ ఆయిల్ మరిగిపోతుంది.

గేర్లు మార్చే చోటు కూడా చాలామంది తప్పు చేస్తారు. డీజిల్‌ను రెడ్ లైన్ దాకా లాగడం దండగ. ఈ ఇంజిన్ గరిష్ఠ పవర్ 3,750 దగ్గర. 4,000 దాటగానే మార్చండి. ఆ పైన శబ్దమే పెరుగుతుంది.

వైజాగ్‌లో ప్రాక్టీసు ఎలా?

స్పీడు లేకుండా చేయగలిగేది చాలా ఉంది. క్లచ్ పట్టు దొరికే చోటు కాలికి కంఠతా రావాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ ఒక్కదానితో బండిని అడుగు ముందుకు జరిపి ఆపండి. రోజూ పార్క్ చేసేటప్పుడు చేస్తే వేరే సమయం అక్కర్లేదు. ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు గేర్ మార్పులు మద్దిలపాలెం సిగ్నల్ నుంచి ఇంటికెళ్లేటప్పుడు మామూలు వేగంలోనే శుభ్రంగా, తడబడకుండా వేయండి. లైట్లకు స్పందించడం ఫోన్‌లో డ్రాగ్ ట్రీ (స్టార్ట్ లైను దగ్గరుండే లైట్ల స్తంభం) ప్రాక్టీస్ యాప్‌లతో నేర్చుకోవచ్చు. మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలిగి గ్రీన్ వచ్చే పద్ధతి ఒకటి, మూడూ ఒకేసారి వెలిగి 0.4 సెకన్లకు గ్రీన్ వచ్చే పద్ధతి ఇంకొకటి. రెండూ అలవాటు చేసుకోండి. ఒక చవక ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) కొని, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడి ఎంతుందో రోజూ చూస్తుండండి. ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే అది ఎలా ఎగబాకుతుందో చూస్తే పోటీ రోజు ఏం చేయాలో తెలిసిపోతుంది.

పోటీ రోజు

ముందు రోజు సాయంత్రానికే చెన్నై చేరి నిద్రపోండి. రాత్రంతా నడిపి పొద్దున్నే లైను మీదకు వెళ్లొద్దు. స్క్రూటినీలో, అంటే పోటీకి ముందు బండి తనిఖీలో, బ్యాటరీ బిగుతు, ఆయిల్ లీకులు, బెల్టులు, లోపల వదులుగా దొర్లే వస్తువులు చూస్తారు. పూర్తి చేతుల కాటన్ చొక్కా, బూట్లు వేసుకోండి. చెప్పులతో వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లున్నారు.

పొద్దున్నే పడే రన్‌లు వదులుకోవద్దు. ప్రతి మూడు డిగ్రీల వేడికీ గాలి సాంద్రత ఒక శాతం తగ్గుతుంది. 24 డిగ్రీల ఉదయానికీ 36 డిగ్రీల మధ్యాహ్నానికీ టర్బో లేని పెట్రోల్ కారు నాలుగు శాతం పవర్ పోగొట్టుకుంటుంది, 18 సెకన్ల కారుకు అది పావు సెకనుకు దగ్గర. టర్బో కార్లకు ఇంటర్‌కూలర్ వేడెక్కడమే సమస్య. రన్ అయ్యాక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి, బోనెట్ ఎత్తి నీడలో పెట్టండి, క్యూలో ఇంజిన్ ఆపేసి నిలబడండి. కొందరు ఇంటర్‌కూలర్ మీద ఐసు సంచులు పెడతారు. ఫిషింగ్ హార్బర్‌లో చేపల పెట్టెలు చూసి పెరిగిన మనకు ఆ ఆలోచన కొత్తేం కాదు, కానీ ఆ నీళ్లు ట్రాక్ మీద కారితే మిమ్మల్ని పంపించేస్తారు. సంచులు తీసి, తుడిచి వెళ్లండి.

మొదటి రన్ మెల్లగా. ఆ తర్వాత ఒక్కో రన్‌కు ఒక్క మార్పే. గాలి తగ్గించి, లాంచ్ ఆర్‌పీఎం మార్చి, సీట్లు తీసి ఒకేసారి పరుగెత్తితే దేని వల్ల ఏం జరిగిందో తెలీదు. స్లిప్ వెనకాల బాల్‌పెన్నుతో గాలి, ఆర్‌పీఎం, సమయం రాసుకోండి.

స్లిప్ చదవడం ఇలా. మొదటి 60 అడుగులు, అంటే మన 18 మీటర్లు, 2.70 సెకన్లు, ఈటీ 18.1, చివర వేగం 121 అనుకుందాం. రెండో రన్‌లో 2.52, 17.8, 121. వేగం మారలేదు, టైమ్ తగ్గింది. అంటే పవర్ అంతే ఉంది, లాంచ్ బాగుపడింది. మూడోది 2.70, 18.0, 125 అయితే? చల్లగాలికో, బరువు తగ్గినందుకో బండి బాగా లాగింది, కానీ ఆ లాభాన్ని మీ క్లచ్ తినేసింది. చివర వేగం ఇంజిన్ సంగతి చెబుతుంది, 60 అడుగుల టైమ్ మీ సంగతి చెబుతుంది. 60 అడుగుల్లో 0.1 తగ్గితే చివర్లో అంతకంటే ఎక్కువే తగ్గుతుందన్నది పాతవాళ్ల లెక్క, 0.15 దాకా.

గీత దాటాక గట్టిగా బ్రేక్ వేయకుండా, తిన్నగా, మెల్లగా వేగం తగ్గించండి. ఆగాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు. కాలిన డిస్క్‌కు ప్యాడ్ అతుక్కుని మరక పడుతుంది, తర్వాత బ్రేక్ వేస్తే బండి వణుకుతుంది. గేర్‌లో పెట్టి, చక్రానికి అడ్డం పెట్టండి. రెండు రన్‌ల మధ్య కనీసం ఇరవై నిమిషాలు. క్లచ్ కాలిన వాసన వస్తే ఇంకో ఇరవై.

మీ పోటీలో బ్రాకెట్ పద్ధతి ఉంటే అందులో పేరివ్వండి. మీ టైమ్ ఎంతో మీరే ముందు చెప్పి, దానికి దగ్గరగా, కానీ అంతకంటే తక్కువ టైమ్ రాకుండా పరుగెత్తాలి. నెమ్మది కారు ముందు బయల్దేరుతుంది. పద్దెనిమిది సెకన్ల బరువైన డీజిల్, పన్నెండు సెకన్ల కారును నిజాయితీగా ఓడించగల చోటు అదొక్కటే.

ఖర్చు

ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఫ్లూయిడ్, హోసులు 12 వేల చుట్టూ. రెండు టైర్లు, అలైన్‌మెంట్ పాతిక వేలు దాటొచ్చు, కానీ అవి ఎలాగూ మార్చాల్సినవే. గేజీ, పంపు, ఓబీడీ రీడర్ 5 వేలు. రానూపోనూ 1,600 కిలోమీటర్లకు లీటరుకు 12 చొప్పున 130 లీటర్ల పైగా డీజిల్, టోల్ అదనం. రూమూ భోజనాలూ కలిపితే 65, 70 వేలకు తేలుతుంది. ఎంట్రీ ఫీజు, లైసెన్స్, హెల్మెట్ వేరు. ఇంకొకరితో కలిసి వెళ్తే డీజిల్, రూమ్ సగం. పిట్‌లో సీట్లు విప్పడానికీ ఆ రెండో మనిషి కావాలి.

తిరుగు ప్రయాణానికి ముందు సీట్లు, స్టెప్నీ వెనక్కి. గాలి మామూలు స్థాయికి. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో, కంపెనీ చెప్పిన బిగుతుకు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి, కూలెంట్ ఇంజిన్ చల్లారాకే చూడండి. లోపలి సీవీ జాయింట్ (చక్రాన్ని తిప్పే షాఫ్ట్ కీలు) రబ్బరు బూట్ దగ్గర గ్రీజు చిమ్మిందేమో టార్చి వేసి చూడండి. చిమ్మితే చెన్నైలోనే మార్పించుకుని బయల్దేరండి, ఒంగోలు దాటాక ఆదివారం రాత్రి ఆ పార్టు దొరకదు.